జీవన్ జీపులో తడి

శాంతి మడమ క్లచ్ పక్కన రేకులోకి దిగబడింది. వానలేమీ లేవు. మాఘం పోయి ఎండలు ముదురుతున్న కాలం. వెనక సీట్లలో మిరప ఏరడానికి పోతున్న ఆడవాళ్ళు ముచ్చట్లలో ఉన్నారు. ఆమె జీపును రోడ్డు పక్కకు తీసి ఆపి, వంగి రబ్బరు మ్యాటు పైకెత్తింది. అడుగున ఇనుము ఎర్రగా ఉబ్బి, పెళ్ళలు పెళ్ళలుగా లేచి ఉంది. తన మడమ ఆనిన చోట చిల్లు పడి కింద రోడ్డు కనిపిస్తోంది. ఆ చుట్టూ నీళ్ళు.

"ఏమైందే శాంతీ?" వెనక నుంచి గంగాబాయి అడిగింది.

"ఏం లేదక్కా. మ్యాటు జరిగింది," అని శాంతి మళ్ళీ సీటెక్కింది. ఆ రోజంతా ఎడమ కాలు గాల్లో పెట్టినట్టే నడిపింది.

ఆ జీపు ఆమె భర్త జీవన్‌ది. చిట్యాల చుట్టుపక్కల ఊళ్ళ కూలీలను చేన్లకు తిప్పేవాడు. పండుగలొస్తే కాళేశ్వరం పోయే జనాన్ని గోదావరి ఒడ్డున దింపి వచ్చేవాడు. చెప్పులు విడిచి నడపడం అతని అలవాటు. "ఒట్టి కాళ్ళకైతెనే బండి ఏమంటుందో తెలుస్తది," అనేవాడు. ఏళ్ళ తరబడి మడమలు ఆన్చిన చోట రంగు పోయింది. రేకు రెండు చిన్న దొప్పల్లాగా లోపలికి వంగింది.

రెండు వానాకాలాల కింద ఒక సాయంత్రం, కూలీలను దింపి ఒక్కడే తిరిగొస్తుంటే వాగు వంతెన మీదుగా పారుతోంది. లోతెంతో చూద్దామని బండి దిగాడు. అవతలి ఒడ్డున బర్రెలు తోలుకొస్తున్న ముసలాయన ఒక్కడే చూశాడు. నీళ్ళు పిక్కల దాకానే ఉన్నాయట. ఒక్కసారిగా నడుముదాకా లేచాయట. తర్వాత మనిషి లేడు.

ఒడ్డున నిలిచిన జీపు కూడా రాత్రంతా సగం మునిగే ఉంది. తెల్లారి ట్రాక్టరుతో ఇంటికి గుంజుకొచ్చారు. సీటు కింద బురదలో అతని చెప్పులు దొరికాయి. అతను దొరకలేదు. ఆ వాగు కలిసే మానేరు పొడుగునా వెతికారు, గోదావరి కలిసే దాకా పోయి వచ్చారు. ఊళ్ళో అందరూ జీవన్ పోయాడనే అన్నారు. చర్చిలో ప్రార్థన చేశారు గానీ, బొందలగడ్డలో పూడ్చడానికి ఏమీ లేకపోయింది.

శాంతికి బండి నడపడం జీవనే నేర్పాడు. ఇంట్లో ఇప్పుడు ఆమె, అత్త వీరమ్మ ఇద్దరే. కూతురు స్పందన మహబూబాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడు, "బాపు బండి అమ్మొద్దమ్మా," అని ఒక్కటే మాట అంది. ఆ ఏడే దసరా ముందు శాంతి జీపును చిట్యాలలో వెల్డింగ్ షెడ్డు పెట్టుకున్న సాంసన్ దగ్గరికి తీసుకుపోయింది. సాంసన్ జీవన్‌ను అన్నా అని పిలిచేవాడు. నేలంతా గీకి, తుప్పు రాల్చి, ఎర్ర ప్రైమర్ కొట్టి, దాని మీద రంగేసి ఇచ్చాడు. శాంతి కూలీలను తిప్పడం మొదలుపెట్టింది.

అదే నేల ఇప్పుడు మళ్ళీ ఇలా అయింది. మ్యాటు ఎత్తి చూసిన సాంసన్ ముఖం చిన్నబోయింది.

"నేను ఇంత మంచిగ చేస్తె గింత జల్ది జంగు వట్టుడేంది వదినె? మిగిలిన నేలంత మంచిగనే ఉంది. గీ రెండు తావులల్లనే తిన్నది."

పైపు పెట్టి ముందు అద్దం మీద నీళ్ళు కొట్టాడు. లోపలికి చుక్క రాలేదు. తలుపుల రబ్బర్లు చూశాడు. రేడియేటరు నుంచి కారుతోందేమోనని కిందికి దూరి పడుకుని చూశాడు. ఎక్కడా దారి లేదు. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"నీళ్ళు ఏడికెల్లి వస్తున్నయో తెల్వకుండ కొత్త రేకేస్తె, గది గూడ గింతే అయితది. గప్పటిదాక చిల్లు మీద గీ చెక్క వెట్టుకో. రోజు పొద్దుగాల్ల మ్యాటు లేపి చూడు."

"ఏడికెల్లి వస్తున్నయో కనవడకపోతె?"

సాంసన్ ఆమె వైపు చూడలేదు. "తప్పుగ అనుకోకు వదినె. రాత్రంత వాగుల నిలవడ్డ బండి. ఇనుము గూడ కొన్ని యాదిల వెట్టుకుంటదేమో. జనగామల హీరాలాల్ సేటు పాత బండ్లు కొంటడు. ఇచ్చేసెయ్యి."

మరునాడు పొద్దున శాంతి రేకుల కొట్టంలోకి పోయి జీపు తలుపు తీసింది. మ్యాటు ఒక పక్కకు మడిచి ఉంది. చిల్లు మీది చెక్క తడికి ఉబ్బి బిగుసుకుంది, రెండు గుంటల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటి ముందు రేకు మీద తడి కొంచెం వెడల్పుగా పాకి, అంచుల్లో ఆరుతోంది. మడమలు, పాదాల పక్కలు, వేళ్ళ దగ్గర పలచన. ఎవరో తడి కాళ్ళతో వచ్చి కూర్చుని, ఇప్పుడే లేచిపోయినట్టు.

ఆమె చేతిలో తుడవడానికి తెచ్చిన గుడ్డ ఉంది. తుడవలేదు. ముందు భయమే వేసింది. కానీ ఆ భయం కింద ఇంకేదో కదిలింది. ఇటూ అటూ చూసి, ఖాళీ సీటు వైపు వంగి, "వచ్చినవా?" అంది.

ఆ తర్వాత రోజూ అదే తడి. శాంతి ఎవరికీ చెప్పలేదు. సాంసన్ ఫోన్ చేస్తే, "ఇంక చూస్తున్న తమ్మీ," అనేది. సాయంత్రం జీపు నిలిపి తలుపు తాళం వేయకుండా వదిలేసేది. డ్రైవరు సీటు పక్కన నిలబడి స్పందన మార్కుల గురించి, మిరప ధర గురించి, అత్తమ్మ సరిగ్గా తినకపోవడం గురించి చెప్పేది. అద్దంలో ముఖం చూసుకుని జడ వేసుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది. చిల్లు పెద్దదవుతున్నా పట్టించుకోలేదు. ఒక సాయంత్రం పెట్టెలో దాచిన జీవన్ చెప్పులు తీసి దుమ్ము దులిపి, పెడళ్ళ ముందు పెట్టింది.

పొద్దున పోయి చూస్తే చెప్పులు అక్కడ లేవు. జీపు బయట, తలుపు కింద, నేల మీద జతగా ఉన్నాయి. గడప ముందు విడిచినట్టు, ముందువైపు ఇంటికి తిప్పి ఉన్నాయి. శాంతి వాటిని ముట్టలేదు. ఆ రోజు చేనికి పోలేదు.

మరునాడు కోడి కూసే వేళకే లేచి, గడ్డివాము చాటున నిలబడింది. తూర్పు తెల్లబడుతోంది. వాకిట్లో అడుగుల చప్పుడు వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

వచ్చింది ఆమె అత్త వీరమ్మ. చేతిలో ఇత్తడి చెంబు. ముసలామె జీపు తలుపు తీసి, మ్యాటు పక్కకు మడిచి, వంగి, చెంబులో నీళ్ళు మెల్లగా ధారగా పోసింది. ఖాళీ చేత్తో ఆ రేకును రుద్దుతోంది.

"కడుక్కో కొడుకా... మడిమెల కాడ ఇంక మట్టి పోలే. ఆగు, ఇంకో చెంబు తెస్త."

"అత్తమ్మా!"

వీరమ్మ ఉలిక్కిపడలేదు. వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టింది.

"మెల్లగ మాట్లాడు. గిప్పుడే వచ్చిండు."

శాంతి సీటు వైపు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. చిరిగిన రెగ్జిను, దానిలోంచి తేలిన పీచు తప్ప ఏమీ లేదు. ఆమె పోయి అత్త చేతిలోని చెంబు గుంజుకుంది.

"నువ్వా? గిన్నొద్దుల సంది పోసింది నువ్వా? రేకంత కుళ్ళిపోయింది. నా కాలు దిగవడ్డది. నడిచే బండిలకెల్లి కిందవడి సచ్చేదాన్ని!"

"బురదల వడి వచ్చినోనికి కాళ్ళకు నీళ్ళియ్యకుంట ఇంట్లకు ఎట్ల రమ్మంటవే?" వీరమ్మ గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నట్టు ఉంది. "చెప్పులు గూడ బయట వెట్టిన. దిగుతడేమో అని."

శాంతి చేతిలోంచి చెంబు జారింది. ఏడుపు ఎక్కడి నుంచి తన్నుకొచ్చిందో ఆమెకే తెలియలేదు. రేకు కోసం కాదు. జీవన్ పోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు. అప్పుడు వెతుకులాట ఉంది, పరుగు ఉంది.

"నేను ఆయనే వస్తుండనుకున్న అత్తమ్మా," అంది. "రోజూ మాట్లాడిన. నువ్వని తెల్వక..."

వీరమ్మ కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, తడి చేతిని ఆమె వీపు మీద వేసింది.

"మొదలు నేను పోయలే బిడ్డా," అంది. "బండిని తెచ్చి, కడిగి, ఎండవెట్టినం గదా. వానలు బందైనంక ఒకనాడు వచ్చి తలుపు తీస్తె గా రెండు గుంటలల్ల నీళ్ళున్నయ్. వచ్చి, నీళ్ళిచ్చేటోళ్ళు లేక తిరిగి పోయిండనుకున్న. గప్పటికెల్లి నేనే పోస్తున్న."

అది నిజమేనా అని శాంతి అడగలేదు. అడిగి ఏం తెలుసుకోవాలో ఆమెకు అర్థం కాలేదు. సాంసన్‌కు మాత్రం, "నీళ్ళ సంగతి తెలిసింది తమ్మీ, ఇంక రావు," అని ఒక్క మాట చెప్పింది.

అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కి జనగామ పోయి, హీరాలాల్ దుకాణం వెనక గుట్టగా పడి ఉన్న పాత ఇనుములోంచి అదే రకం జీపు నేలరేకు ఒకటి ఏరుకొచ్చారు. "గీ బండిని గూడ నాకే ఇయ్యరాదమ్మా, పరేషానంత పోతది," అన్నాడు హీరాలాల్. శాంతి తల అడ్డంగా ఊపింది.

రేకు కోసే రోజు వీరమ్మ కూడా షెడ్డుకు వచ్చింది. సాంసన్ సీటు విప్పి, తిన్న చోటు చుట్టూ సుద్దతో గీత గీశాడు. సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము ఖంగుమంది, కుళ్ళిన చోట చప్పుడే రాలేదు. కోసే మిషన్ పెట్టబోతుంటే వీరమ్మ, "జర ఆగు బిడ్డా," అని వంగి, ఆ రెండు గుంటల్లో రెండు అరచేతులు పెట్టింది. తీసినప్పుడు చేతులు ఎర్రగా ఉన్నాయి. కడుక్కోలేదు.

నిప్పురవ్వలు లేచాయి. కోసిన ముక్కను సాంసన్ పైకెత్తితే చిల్లుల్లోంచి వెలుతురు జల్లెడలోలాగా పడింది. రెండు పాదాల ఆకారం అతనికీ కనిపించింది. దాన్ని పాత సామాను మీదికి విసరబోయినవాడు విసరలేక, నిలబడిపోయాడు.

"గది నాకియ్యి," అంది వీరమ్మ.

సాంసన్ మిగిలిన అంచులను తీగ బ్రష్షుతో తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. కొత్త రేకు అతికి, అతుకుల్లో లప్పం నింపి, ప్రైమరేశాడు. బాగా ఆరనిచ్చి రంగు, అడుగు వైపు నల్ల కోటింగు. మట్టితో పూడుకుపోయిన నీటి రంధ్రాలను తీగతో పొడిచి తెరిచాడు. "నీళ్ళు వడ్డా ఫరవాలేదు వదినె, నిలవొద్దు. నిలిస్తెనే తింటది. నెలకోసారి మ్యాటు తీసి ఎండల వెయ్యి," అన్నాడు.

ఆదివారం వీరమ్మ ఆ రేకును తెల్లగుడ్డలో చుట్టుకుని పాస్టరు దగ్గరికి పోయింది. శాంతి వెనక నడిచింది. ఆమె చెప్పింది విని పాస్టరు ఇబ్బందిపడ్డాడు.

"శరీరం లేకుండ సమాధి ఎట్ల చేస్తం అవ్వా?"

"నా కొడుకు పాదాలున్నయ్ గీడ," అంది వీరమ్మ మూట చూపించి. "గిదే దొరికింది మాకు."

ఆయన గుడ్డ విప్పి చూశాడు. మళ్ళీ చుట్టి ఆమెకిచ్చి, చర్చి వెనక గదిలోంచి గడ్డపార తెమ్మని కేకేశాడు. బొందలగడ్డలో, జీవన్ తండ్రి పక్కన, పిల్లవాడికి తవ్వినంత గుంట తవ్వారు. ప్రార్థన అయ్యాక మట్టి వేస్తుంటే రేకు మీద పడిన మొదటి పిడికిలికి చప్పుడైంది. శాంతి కళ్ళు మూసుకుంది. తర్వాత మట్టి మీద మట్టి, చప్పుడు లేదు. స్పందన మహబూబాబాద్ నుంచి వచ్చి నాయనమ్మను పట్టుకుని నిలబడింది.

ఆ వేసవంతా జీపు నేల పొడిగానే ఉంది. శాంతి రోజూ పొద్దున తలుపు తీసి, ఆ పొడి రేకును అరచేత్తో తడిమి చూసేది.

తొలకరికి పత్తి గింజలు పెట్టే పని మొదలైంది. వీరమ్మ ఇంట్లో ఒక్కతే ఉండలేక తనూ కూలికి బయల్దేరి, ముందు సీట్లో శాంతి పక్కన కూర్చునేది. జీవన్ పోయినప్పటి నుంచి శాంతి ఆ వంతెన వైపు పోలేదు, చుట్టు రోడ్డు మీదే తిరిగింది. ఒక రోజు, వాళ్ళు చేనికి పోయాక చుట్టు రోడ్డును కల్వర్టు కోసం తవ్విపెట్టారు. పని నుంచి తిరిగొస్తుంటే మధ్యాహ్నం వాన పట్టుకుంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి వాగు దాని మీదుగా పారుతోంది.

"పిక్కల లోతు గూడ లేదు, పోనియ్యి శాంతీ," అంది గంగాబాయి.

శాంతి ఇంజను ఆపేసింది. "పోను."

"ఎంతసేపు కూసుందామే?"

"తగ్గేదాక."

గంగాబాయి వీరమ్మను చూసి సీట్లో వెనక్కి ఒరిగింది. వాన సన్నబడింది. ఆడవాళ్ళు మిగిలిన సద్ది విప్పుకున్నారు. శాంతి అద్దంలోంచి వాగునే చూస్తోంది. వంతెన నడుమ ఒకచోట నీళ్ళు రెండుగా చీలి, మళ్ళీ కలుస్తున్నాయి. ఎవరో అక్కడ నిలబడి ఉంటే పాయలు అలాగే చీలుతాయి. రాయేదైనా కొట్టుకొచ్చి ఆగిందేమో అనుకుంది. పక్కకు తిరిగితే వీరమ్మ కూడా అక్కడే చూస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

పొద్దు వాలేలోపల నీళ్ళు తగ్గాయి. వంతెన సిమెంటు ఈ చివర నుంచి ఆ చివర దాకా తేలింది. శాంతి మొదటి గేరు వేసి నిదానంగా పోనిచ్చింది. నడుమకు వచ్చాక ఇద్దరూ కిందికి చూశారు. అక్కడ రాయి లేదు. తడిసిన సిమెంటు నున్నగా ఉంది.

వీరమ్మ చెయ్యి చాచి, గేరు కర్ర మీద ఉన్న శాంతి చేతిని గట్టిగా పట్టుకుంది. శాంతి బండి ఆపలేదు.