బుల్లమ్మ పొలం దగ్గర ఆగిన గీత

చైనా యుద్ధం అయిన మరుసటి వేసవిలో మద్రాసులోని ఒక మోటారు సైకిలు క్లబ్బువాళ్ళు పేపర్లో ప్రకటన వేశారు. కన్యాకుమారి నుంచి కలకత్తా దాకా ట్రంకు రోడ్డు ఎక్కకుండా, బండిదారుల మీదా కాలవగట్ల మీదా మోటారు సైకిలు మీద వెళ్ళగలిగే దారి ఒకటి కనిపెట్టి పటం గీయాలని వాళ్ళ ఆశ. జీతం భత్యం ఏమీ లేవు. ఏ తాలూకా వాళ్ళు ఆ తాలూకా ముక్క గీసి పంపితే అన్నీ కలిపి అచ్చు వేస్తామన్నారు. పాయకరావుపేట నుంచి సబ్బవరం దాకా నేను గీస్తానని రాశాను.

నేను అనకాపల్లి హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడిని. మోటారు సైకిలు నడపడం రాదు. అయినా ఎందుకు రాశానంటే, వేసవి సెలవులంటే నాకు భయం పట్టుకుంది. నా భార్య కనకమహాలక్ష్మి పోయాక అది రెండో వేసవి. మొదటి వేసవి గోడలు చూస్తూ గడిపాను. రెండోది కూడా అలాగే గడపడం నావల్ల కాదనిపించింది.

బండి హనీఫ్‌ది. రైలు స్టేషనుకి పోయే దారిలో అతనికి రిపేరు షెడ్డు ఉండేది. మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత మోటారు సైకిలు ఒకటి కొని, దొరికిన భాగాలన్నీ బిగించి నడిపించుకునేవాడు.

"నేను గీత గీస్తాను, మీరు బండి నడుపుతారా?" అని అడిగాను.

"మీరు పడిపోకుండా కూచుంటానంటే నడుపుతాను మేష్టారూ. పడితే మాత్రం గీత అక్కడితో ఆఖరు," అన్నాడు.

అలా బయల్దేరాం. వెనక సీటు మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, దిక్సూచి చూసి గీసుకునేవాడిని. నక్కపల్లి దగ్గర ఒక కానిస్టేబు మమ్మల్ని ఆపాడు. యుద్ధం రోజులు ఇంకా ఎవరికీ మరుపున పడలేదు.

"పటాలు గీత్తన్నారేటి? ఎవరికి పంపడానికి?"

"చైనావాడికే బాబూ," అన్నాడు హనీఫ్ నొప్పి పుట్టిన నడుం పట్టుకుంటూ. "ఈ దారిన ఒక్కసారి వచ్చేడంటే వాడే దండం పెట్టి వెనక్కి పోతాడు."

కానిస్టేబు నవ్వి, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పి పంపేశాడు.

హనీఫ్ భార్య రెహానా రోజూ రెండు గిన్నెలు కట్టేది. నా గిన్నెలో నీచు ఉండేది కాదు. దానికోసం ఆమె కొత్త గిన్నె కొని, విడిగా వండుతోందని నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బండి ఎగిరే చోట్ల హనీఫ్ ముందే నెమ్మదించేవాడు. దానికీ ఏమీ చెప్పేవాడు కాదు.

అనకాపల్లి దాకా గీత సాఫీగానే వచ్చింది. అనకాపల్లి దాటి సబ్బవరం వైపు వెళ్తుంటే ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, దగ్గర ఆగిపోయాం. కిందటేడు వానలకి గెడ్డ ఒడ్డు విరిగి పడిపోయింది. మనిషి నడవగలడు గాని బండి దాటదు. గెడ్డకి ఇవతల కోసేసిన వరిపొలం ఒకటుంది. దాని మీంచి ఏటవాలుగా, గెడ్డలో బళ్ళు దిగగలిగే చోటు వైపు ఎడ్లబళ్ళ చక్రాల జాడ పోతోంది. జాడ మొదట్లో గట్టుకి బండి పట్టేంత గండి, ఆ గండికి అడ్డంగా పెద్ద తుమ్మకంప ఉన్నాయి. పొలానికి అవతలి గట్టుకీ అలాంటి గండే, అలాంటి కంపే కనబడుతున్నాయి.

హనీఫ్ దిగి కంప మీద చెయ్యి వేశాడు.

"ఎవులది? ఆ కంప ముట్టకు!"

పొలం మూల తాటాకు పాకలోంచి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి. పేరు బుల్లమ్మ. ఎవరం, ఎక్కడి నుంచి, ఏ పని మీద అని వరసగా అడిగింది. నేను పటం సంగతి చెప్పాను.

"అయితే ఈ జాడ కూడా గీత్తారా?"

"గీయాలనే వచ్చాం. ఇది దారే కదమ్మా?"

"దారి గాదు. నా పొలం," అంది. "కోతలయ్యేక ఏసంగిలో బళ్ళోళ్ళు అడుగుతారు. కంప తీత్తాను. ఆళ్ళెల్లేక మల్లీ ఏసేత్తాను. తొలకరి పడితే గట్టు కట్టేసి నాట్లేసుకుంతాను. అడిగి ఎల్తే ఇది నా పొలం. అడక్కుండా ఎల్లడం మొదలెడితే దారయిపోద్ది."

ఇంతలో గెడ్డ వైపు నుంచి ఒకతను చెయ్యి ఊపుతూ వచ్చాడు. ఆమె మరిది సన్యాసిరావు. అతని చెరుకుతోట ఆమె పొలం వెనక ఉంది. అతనికి గెడ్డ పక్కనుంచి వేరే దారి ఉంది గాని అది చుట్టు.

"గీసెయ్యండి మేష్టరుగోరూ, గీసెయ్యండి. ఊరికి పేరొత్తాది."

"ఊరికి పేరొత్తాదో, నీ తోటకి దారొత్తాదో సెప్పు మరిదీ," అంది బుల్లమ్మ.

అతను నవ్వాడే గాని కాదనలేదు. మిగతా సంగతి ఆమే చెప్పింది. ఆమె భర్త పోయినప్పటి నుంచి సన్యాసిరావు ఆ జాడని శాశ్వతంగా బండిదారి చేయించాలని తిరుగుతున్నాడు. ఏ కాగితంలోనైనా ఇక్కడ దారి ఉన్నట్టు చూపిస్తే ఆలోచిద్దామన్నాడట కరణం. ఆమెకున్నది ఎకరంలోపు. దారి ఏటవాలుగా పడితే రెండు మూలలు మిగులుతాయి. ఏ మూలలోనూ నాగలి తిరగదు.

"ఆ రెండు ముక్కలూ ఇంకెవులు కొంతారు? ఈడే. ఈడన్న రేటుకి."

నేను అట్ట మీద పెన్సిలు పెట్టాను. నిజం చెప్పాలంటే మా తాలూకా గీత తెగకుండా ఉండాలని నాకు చాలా కోరికగా ఉంది. చివరికి ఇవతలి కంప దాకా గీసి ఆపాను. అవతలి కంప నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యలో ఖాళీ వదిలి, పక్కన, "ఇక్కడ ఆగి, పొలం గలవారిని అడిగి వెళ్ళాలి," అని రాశాను. ఆమెకి చదివి వినిపించాను.

"మరోసారి సదువు బాబూ," అంది. చదివాను. అప్పుడు కంప తీసి మమ్మల్ని పోనిచ్చింది.

పటం మద్రాసు పంపించాను. బడి తెరవడానికి ముందు క్లబ్బు కార్యదర్శి త్రినాధరావు మరో ఇద్దరితో మూడు మోటారు సైకిళ్ళ మీద దారి పరీక్షించడానికి వచ్చాడు. ఆయన పుట్టింది మా వైపే గాని మద్రాసులో మోటారు సామాన్ల వ్యాపారంలో స్థిరపడ్డాడు. హనీఫ్ షెడ్డులో టీ తాగుతూ నీలి కాగితం మీద తీసిన నకలు విప్పి చూపించాడు. కన్యాకుమారి వైపు నుంచి తెల్ల గీత సాగి సాగి వచ్చి, అనకాపల్లి దాటి, బుల్లమ్మ పొలం మీదుగా ఎక్కడా తెగకుండా పోయింది. నేను రాసిన మాట లేదు.

"ఇక్కడ ఖాళీ వదిలానండీ," అన్నాను.

"చూశాం. మరిచిపోయారనుకుని మా డ్రాఫ్ట్స్‌మన్ కలిపేశాడు. ఇంత పొడుగు గీత మీ ఒక్క తాలూకాలో తెగితే ఏం బాగుంటుందండీ?"

నేను సంగతంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"మేష్టారూ, మేం రోడ్డు వేయడం లేదు కదా. ఏడాదికోసారి పదిమందిమి పోతాం. ఆమాత్రానికి ఆవిడ పొలం పోతుందా?"

"మీరు పోయినందుకు పోదండీ. దారి ఉందని మీరు అచ్చు వేసినందుకు పోతుంది."

"సరే పదండి, చూద్దాం. అచ్చుకి ఇంకా ఇవ్వలేదు," అన్నాడు.

హనీఫ్ గుడ్డతో చేతులు తుడుచుకుని లేచాడు. "ముందు నా బండి పోతాదండీ. దారి చూపించాలి కదా," అన్నాడు.

మేం వెళ్ళేసరికి గండి బార్లా తెరిచి ఉంది. తుమ్మకంప పక్కనున్న పల్లంలో తిరగబడి ఉంది. మద్రాసు బళ్ళ కబురు మాకంటే ముందే చేరినట్టుంది. గండి పక్కన సన్యాసిరావు, ఊరివాళ్ళు కొందరు, కొబ్బరిబొండాల గుట్ట. బుల్లమ్మ జాడ లేదు.

"దయసెయ్యండి బాబూ, దయసెయ్యండి! దారంతా బాగు సేయించేను."

హనీఫ్ సరిగ్గా గండిలోకి పోనిచ్చి, బండి అడ్డంగా నిలిపి ఇంజను ఆపేశాడు. దిగి గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. వెనక మూడు బళ్ళూ ఆగిపోయాయి.

"ఏటి సాయిబూ, బండి పాడయిందేటి?" అన్నాడు సన్యాసిరావు.

"బండికేం? బాగానే ఉంది. నేనే ఆగేను."

"దారి తీసుంది కదా, ఎల్లు మరి."

"తీసినోళ్ళు వేరు, తియ్యాల్సినోళ్ళు వేరు మామా. ఆవిడ్ని రానీ."

"ఆవిడా? సంతకెల్లింది. పొద్దుగూకితే గాని రాదు. అందాకా ఈ బాబులు ఎండలో మాడాలా?"

ఆ గుంపులో సింహాచలం అనే రైతు ఉన్నాడు. అతను తువ్వాలు తలకి చుట్టుకుని గెడ్డ వైపు నడిచిపోయాడు. నీడ వెతుక్కుంటున్నాడనుకున్నాను.

త్రినాధరావు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నా దగ్గరికి వచ్చాడు. "మేం ఈ పూట విజయనగరం చేరాలండీ. ఆవిడ లేనే లేదంటున్నారు. మీ స్నేహితుణ్ణి బండి తియ్యమనండి. కావాలంటే తిరుగుదారిలో ఆవిడతో మాట్లాడతాను."

"మీరు పోతానంటే ఆపే శక్తి నాకు లేదండీ," అన్నాను.

సన్యాసిరావు బొండం చెక్కి ఆయన చేతిలో పెట్టాడు. సంతోషం పట్టలేక నోరు జారాడు. "తాగీసి ఎల్లండి బాబూ. మీరొక్కసారి ఇలాగెల్తే సాలు. మద్రాసు నుంచి పెద్దోళ్ళు పటం ఏసి మరీ ఈ దారినే ఎల్లేరని కరణంగోరికి రేపే సెప్పుకుంతాను. ఆ పటం ఒకటి నాకూ పంపండేం!"

త్రినాధరావు బొండం వైపు చూశాడు. గండి వైపు చూశాడు. బొండం తాగకుండా గట్టు మీద పెట్టి, తన బండి ఇంజను ఆపేశాడు. తక్కిన ఇద్దరికీ అరవంలో ఏదో చెప్పాడు. వాళ్ళూ ఆపేశారు.

ఎండలో కూర్చున్నాం. కాసేపటికి గెడ్డ అవతలి నుంచి సింహాచలం, అతని వెనక నెత్తిన గడ్డిమోపుతో బుల్లమ్మ వస్తూ కనిపించారు. సంతకి వెళ్ళిన మనిషి గడ్డి కోసుకుంటూ ఎలా దొరికిందని సన్యాసిరావుని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే అతనికి కష్టంగా ఉన్నట్టు తోచింది.

దూరంగా ఉన్నప్పుడు ఆమె గబగబా వచ్చింది. బళ్ళు గండి ఇవతలే ఆగి ఉండటం చూశాక నెమ్మదించింది. గడ్డిమోపు దింపింది. పల్లంలోకి దిగి కంప పట్టుకుని పైకి లాగింది. ముల్లు దిగితే చెయ్యి నోట్లో పెట్టుకుని మళ్ళీ లాగింది. హనీఫ్ సాయానికి లేస్తే కళ్ళతోనే వద్దంది.

"బండి ఎనక్కి తియ్యి సాయిబూ."

హనీఫ్ తీశాడు. ఆమె కంపని గండికి అడ్డంగా వేసి, కాలితో తొక్కి సరిచేసి, దాని వెనక నిలబడి చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడడగండి," అంది.

త్రినాధరావు నా వైపు తిరిగి, "ఏమని అడగాలి?" అన్నాడు మెల్లగా.

"ఇంకోరి పొలం మీంచి పోవాలంటే ఎలా అడుగుతారో అలాగే."

ఆయన కళ్ళజోడు తీసేశాడు. "అమ్మా, మేం మద్రాసు నుంచి వస్తున్నాం. సబ్బవరం వైపు వెళ్ళాలి. మీ పొలం మీంచి పోనిస్తారా?"

"ఎన్ని బళ్ళు?"

"మా మూడూ, హనీఫ్ గారిదీ."

"సప్పుడు సేత్తాయా?"

"చేస్తాయమ్మా."

"పాకలో గేదె కొత్తగా ఈనింది. బెదిరిపోద్ది. నెమ్మదిగా ఎల్లండి."

కంప తీసింది. తీసి సన్యాసిరావు వైపు తిరిగింది. "నువ్వూ ఎల్లాలా మరిదీ? అడిగితే నీకూ తీత్తాను. ఏ ఏడు తియ్యనేదు?"

జనం నవ్వారు. సన్యాసిరావు అడగలేదు. బొండాలు అక్కడే వదిలేసి గెడ్డ పక్క చుట్టుదారి పట్టాడు. ఆ బొండాలు సింహాచలం అందరికీ చెక్కి ఇచ్చాడు. ఈసారి త్రినాధరావు తాగాడు.

ఆ తర్వాత నాలుగు బళ్ళూ గేదె బెదరకుండా, మనిషి నడక కంటే నిదానంగా పొలం దాటాయి. సబ్బవరం చేరాక త్రినాధరావు టీ కొట్టు బల్ల మీద నీలి కాగితం పరిచి, ఆ కొంచెం మేర గీత మీద సిరా పూసి కప్పేశాడు. నా మాట నాచేతే మళ్ళీ రాయించుకున్నాడు. అచ్చులో ఇది పోకుండా దగ్గరుండి చూసుకుంటానన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

వాళ్ళని విజయనగరం వైపు సాగనంపి మేం వెనక్కి బయల్దేరాం. బుల్లమ్మ పొలం దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. మేం వచ్చిన వైపు గండికి కంప వేసి ఉంది. పాకలో గేదె, దూడ ఉన్నాయి గాని ఆమె లేదు. పాల కుండతో ఇంటికి వెళ్ళి ఉంటుంది. హనీఫ్ ఇంజను ఆపి రెండుసార్లు, "అమ్మా!" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. చుట్టుపక్కల చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"ఏం చేద్దాం మేష్టారూ?"

"ఏముంది, అడగడానికి మనిషి లేదు కదా."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు.

దూడ ఉలిక్కిపడుతుందని బండిని కొంతదూరం నెట్టుకుంటూ నడిచాం. తర్వాత అతను ఇంజను వేసి ట్రంకు రోడ్డు వైపు తిప్పాడు. చుట్టుదారే. నున్నటి రోడ్డు ఎక్కగానే హనీఫ్ వెనక్కి తిరక్కుండానే గట్టిగా అన్నాడు.

"చాలా రోజులకి నా నడుం మీకు దండం పెడతాంది మేష్టారూ!"

రెహానా దీపం పెట్టి ఎదురుచూస్తోంది. ఆ పూట నా గిన్నెలోది వాళ్ళింట్లోనే తిని వెళ్ళమంది. తిన్నాను.