మందు పెట్టానండీ

కనకరత్నం టీచరుగారికి అనుమానం వచ్చిందంటే ఇక దేవుడు దిగొచ్చి సాక్ష్యం చెప్పినా చెవికెక్కదు. ఏలూరులో ఆవిడ ఉండే సందులో ఆ నెల రెండు వీధికుక్కలు నురగలు కక్కి చచ్చాయి. సరిగ్గా ఆ నెలలోనే ఎదురింట్లోకి కాలేషా అద్దెకి దిగాడు. పెదపాడు పశువుల ఆస్పత్రిలో అటెండరు. మందులన్నీ చేతికిందే ఉంటాయి కదా! పైగా ఆవిడ పెంచుకునే తెల్ల పామరేనియన్ కుక్క సోనీ, పరాయివాళ్ళని గేటు తాకనివ్వనిది, అతన్ని చూస్తే తోకాడించుకుంటూ పోతుంది. ఏం పెట్టి మచ్చిక చేసుకున్నాడో! మాటకి ముందొక అండీ, వెనకొక అండీ తగిలించే మనిషిని నమ్మేదెలాగ? భర్త పోయాక ఆ ఇంట్లో ఆవిడకి తోడున్న ప్రాణి సోనీ ఒక్కతే.

ఆ ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చి కొర్రమీను పులుసు కాచింది. తలకాయ సోనీ పళ్ళెంలో వేసి తాను కంచం ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిన్నదో లేదో, వాకిట్లో ఏదో పొర్లాడిన చప్పుడు. వెళ్ళి చూస్తే సోనీ నోరు తెరుచుకుని, ముందుకాళ్ళతో మూతి గీరుకుంటూ గిలగిల్లాడుతోంది. చొంగ కారుతోంది.

“అయ్యో, నా తల్లికి మందు పెట్టేశారమ్మో!”

కేక విని కాలేషా లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గేటుకి లోపల గడియ పెట్టి ఉంది.

“నిజం చెప్పు. నా కుక్కకి మందు పెట్టావా లేదా?”

“పెట్టానండీ,” అన్నాడతను, మంచినీళ్ళు ఇచ్చానన్నంత తేలిగ్గా. “పొద్దున్నే పెట్టాను. ముందు గేటు తియ్యండి!”

ఇంకేం కావాలి? దొంగే ఒప్పుకున్నాడు! ఆవిడ గేటు తియ్యలేదు సరికదా, లోపలికి పరుగెత్తి, కక్కించడానికి చింతపండు పిసికిన నీళ్ళు తెచ్చింది.

“పొయ్యొద్దండీ! ఊపిరితిత్తుల్లోకి పోతాయి! మూతి గీరుకుంటోంది చూడండి, గొంతులో ఏదో అడ్డం పడిందండీ!”

“పెట్టిందంతా పెట్టి ఇప్పుడు వైద్యం చెబుతావా?”

సగం గ్లాసు పోసేసింది. సోనీ ఒక్కసారి బిగుసుకుని వాలిపోయింది. నాలుక నీలంగా తిరిగింది. అప్పుడు పడింది ఆవిడ చూపు పళ్ళెం మీద. తాను వేసిన చేప తలకాయలో సగం లేదు. వెళ్ళి గడియ తీసింది.

కాలేషా సోనీని వెనక్కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, భుజాల మధ్య అరచేత్తో చరిచాడు. చింతపండు నీళ్ళు కారాయి. పడుకోబెట్టి నోరు పెగల్చి, లోపల కనబడుతున్న ఎముకని రెండు వేళ్ళతో లాగాడు. తొడ లోపలివైపు వేళ్ళు ఆనించి చూశాడు.

“నాడి ఉందండీ. ఊపిరే లేదు.”

మూతిని గుప్పిట్లో మూసి ముక్కులోకి నోటితో ఊదాడు. డొక్క పైకి లేచింది. ఆగాడు, మళ్ళీ ఊదాడు. అప్పుడు కూడా ఆవిడ కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి, పీక నులుముతాడేమోనని. ఏం చేస్తాం, పుట్టుబుద్ధి!

పదోసారో పదకొండోసారో సోనీ దగ్గింది. తనంతట తానే ఊపిరి తీసింది. కనకరత్నం నేలమీద కూలబడి భోరుమంది.

“మరి మందు పెట్టానన్నారు?” అంది వెక్కుతూ. నువ్వు కాస్తా మీరైంది.

“చెవి వెనక పుండుకండీ. ఈగలు వాలుతుంటే గేటు ఊచల్లోంచి...” అంటూ ఆగిపోయాడు. ఆవిడ అడిగింది ఏ మందో అతనికి అప్పుడు అర్థమైంది. మొహం మాడిపోయింది. లేచి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు.

“లోపలికి నీళ్ళు పోయుంటాయండీ. ఇప్పుడే డాక్టరుగారికి చూపించాలి. ఆటో పిలుస్తాను.”

“మీరూ రండి బాబూ. దారిలో మళ్ళీ ఊపిరాగితే నాకేం తెలుసు?”

“ఎలా ఊదాలో చూపిస్తానండీ. రావడం మాత్రం రాను. దారిలో దానికేమైనా అయితే నేనే పెట్టానంటారు.”

సోనీ మూతిని గుప్పిట్లో ఎలా మూయాలో అతను చూపిస్తుంటే, ఆవిడ తల వంచుకుని నేర్చుకుంది.