మూడు జొన్న కుప్పలు

"రేపు పది గంటలకల్లా ఏ బ్లాకు కావాల్నో రాసియ్యాలంట," అని దేవ్లా చెప్పినప్పటి నుంచి మంగ్లికి అన్నం సయించలేదు.

ఎనభైల నాటి మాట. ములకలపల్లి అడవి అంచున కొత్తగా లేచిన ఫ్యాక్టరీ తన మనుషుల కోసం పెద్ద కాలనీ కట్టించింది. బడి, బజారు, దవాఖానా, గీత గీసినట్టు రోడ్లు, ఎనిమిది బ్లాకులు. తండా నుంచి వచ్చి హెల్పరుగా చేరిన దేవ్లా ఫిట్టరయ్యాడు కాబట్టి క్వార్టరుకు అర్హుడయ్యాడు. కానీ సీనియారిటీలో అతని వంతు వచ్చేసరికి మిగిలినవి రెండే చోట్లు. ఒకటి దవాఖానా ఎదుట, పొద్దస్తమానం బస్సుల రొద. రెండోది చిట్టచివరి బ్లాకు, ఫ్యాక్టరీ బూడిదను వదిలే చెరువుకు ఆనుకుని. వెనక మేకను కట్టుకునేంత జాగా కూడా ఉంది.

కంపెనీ క్వార్టరు దొరికితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మంగ్లికి మాత్రం భయం. ఎందుకుండదు? మూడేళ్ల కింద కిరాయి ఇంట్లో దిగినప్పుడు అత్త ద్వాలి "గింజలు పెట్టి చూడుర్రి" అని నెత్తీనోరూ బాదుకుంది. దేవ్లా నవ్వి పారేశాడు. ఆ ఇంట్లోనే పెద్ద పిల్లాడు ఆయాసం పట్టుకుని పోయాడు. ఇప్పుడు చిన్నది రూప్లి కూడా చలిగాలి తగిలితే పిల్లికూతలు కూస్తోంది. ఈసారి చోటు తప్పితే ఇంకేం మిగులుతుంది? ఆ మాట మనసులోకి వచ్చినప్పుడల్లా మంగ్లి బిడ్డను గట్టిగా అదుముకునేది.

"ఈసారి పెడ్తా. నవ్వితే ఊకోను," అంది మొగుడితో.

"పెట్టు," అన్నాడు దేవ్లా. ఈసారి అతనికీ నవ్వు రాలేదు.

వాళ్లింట్లో పద్ధతి ఇది. కొత్త చోట నేల ఊడ్చి, పొద్దుగూకే వేళ మూడు పిడికెళ్ల జొన్నలు మూడు కుప్పలుగా పోయాలి. ఇంటాయనకొకటి, ఇల్లాలికొకటి, బిడ్డకొకటి. పైన గిన్నె బోర్లించి రావాలి. తెల్లారి కుప్పలు చెదరకుండా ఉంటే ఆ చోట కాపురం పెట్టొచ్చు. మనుషులు దిగని క్వార్టర్లకు తలుపులు, కిటికీ రెక్కలు ఇంకా బిగించలేదు కాబట్టి రెండు క్వార్టర్లలోకీ వెళ్లడం కష్టం కాలేదు. మంగ్లి రెండు చోట్లా గచ్చు అద్దంలా ఊడ్చి, కుప్పలు పోసి, సత్తు గిన్నెలు బోర్లించి వచ్చింది.

తెల్లారి ముందు దవాఖానా బ్లాకులో గిన్నె ఎత్తింది. రెండు కుప్పలు ఉన్నాయి. మూడోది లేదు. బిడ్డ కుప్ప. నాలుగు గింజలు మాత్రం గోడవైపు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"అయ్యో దేవుడా!" అంటూ మంగ్లి అక్కడే కూలబడింది. దేవ్లా మొహం తెల్లబోయింది.

రూప్లిని చంకనేసుకుని చివరి బ్లాకుకు వెళ్లారు. గిన్నె ఎత్తేటప్పుడు మంగ్లి కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే మూడు కుప్పలూ నిన్న పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్క గింజ కదల్లేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పో, జల్దీ పోయి సంతకం పెట్టు! ఈ ఇల్లు ఇంకొకలకు పోతే మళ్ల దొరకది!"

దేవ్లా పరుగు తీశాడు. మంగ్లి గోడకానుకుని కూర్చుని, మేకను ఎక్కడ కట్టాలో, పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది. రూప్లి బోర్లా ఉన్న గిన్నె మీద వేలితో గీతలు గీస్తోంది.

"అమ్మా, సూడు, కోడి," అంది.

నిజమే, కోడి బొమ్మ. సత్తు గిన్నె మీద వేలితో గీస్తే బొమ్మెట్లా పడుతుంది? మంగ్లి దగ్గరికి వచ్చి చూసింది. గిన్నె అడుగంతా బూడిద. సన్నటి, మెత్తటి బూడిద. నేల వైపు చూసింది. నిన్న సాయంత్రం తన చేత్తో ఊడ్చిన గచ్చు మీద దేవ్లా అడుగులు, తన అడుగులు, రూప్లి చిట్టి అడుగులు తడి మట్టిలో దిగినట్టు దిగి ఉన్నాయి. మూలమూలలా వెతికింది. ఒక్క చీమ లేదు.

రూప్లి దగ్గింది. మళ్లీ దగ్గింది.

ఇక మంగ్లి ఆగలేదు. బిడ్డను చంకనేసుకుని, కొంగు దాని ముక్కుకు అడ్డం కప్పి, గిన్నెను అట్లాగే బోర్లా పట్టుకుని ఆఫీసు దాకా పరుగెత్తింది. మైలు దూరం. ఒక్కటే మొక్కు, సంతకం కాకుంటే చాలని.

అయిపోయింది. దేవ్లా కలం కింద పెడుతున్నాడు.

"కొట్టేయి! అది కొట్టేయి!" అని గుమ్మంలోంచే అరిచింది.

బల్ల వెనకున్న గుమాస్తా వెంకటరామారావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. సత్తుపల్లి వైపు మనిషి, మాట మెత్తన. "ఏంటమ్మా, ఇందాకే కదా మీ ఆయన గింజల సంగతంతా చెప్పి అదే కావాలన్నాడు?"

మంగ్లి గిన్నెను బల్ల మీద పెట్టింది. "నిన్న పొద్దుగూకంగ తోమి పెట్టిన సార్. ఒక్క రాత్రికి గింత పడ్డది. గచ్చు నిండ గిట్లనే ఉన్నది."

"మరి దవాఖానా దిక్కు గింజలు పోయినయి గదనే. అదీ బిడ్డ కుప్ప," అన్నాడు దేవ్లా.

"చీమలు తీస్కపోయినయి. ఆడ చీమలన్న బతుకుతున్నయి. ఈడ జొన్నలు పెడితే ముట్టేటందుకు చీమ గూడ లేదు." అంటూనే ఆమె ఏడ్చేసింది. "నేను గింజలే సూసిన, గిన్నె సూడలే. నాకు భయమైతాంది. ఏది రాసినా భయమే. దవాఖానా దగ్గరన్న ఉంటది, అదే రాయి."

వెంకటరామారావు గిన్నె మీద వేలు రాసి చూసుకున్నాడు. గోరు కనబడకుండా బూడిద అంటింది. దేవ్లా పేరు ఎదుట రాసింది కొట్టేసి, దవాఖానా బ్లాకు రాసి, సంతకం కోసం కాగితం ముందుకు జరిపాడు. దేవ్లా వంకరటింకరగా సంతకం చేశాడు. మంగ్లి గిన్నె తీసుకుని బయలుదేరబోయింది.

"అది కాసేపు ఇక్కడుంచమ్మా," అన్నాడు గుమాస్తా.

సొరుగు లాగి ఇంకో క్వార్టరు కాగితం తీశాడు. దాని మీది పేరు చదివిన దేవ్లా నోరు తెరిచాడు. వెంకటరామారావుది కూడా చివరి బ్లాకే. పోయిన వారమే సామాన్లతో దిగాడు.

"మీకు పిల్లలున్నరా సార్?" అంది మంగ్లి.

"ఇద్దరమ్మా," అన్నాడు ఆయన, వేలికంటిన బూడిద వంకే చూస్తూ. "చిన్నోడు నాలుగు రోజుల్నుంచి దగ్గుతున్నాడు."