తర్వాతి బంతి తీసేలోగా

కారు ఆగీ ఆగకముందే విల్మా డైక్ ఒక కాలు మంచులో పెట్టేసింది. సగం తిన్న శాండ్‌విచ్ సీటు మీదే ఉండిపోయింది. ఆవిడ భోజనాలన్నీ అంతే. చర్చీలూ సంఘాలూ మంచి పనుల కోసం ఆడించే బింగో ఆటల్ని ప్రభుత్వం తరఫున తనిఖీ చెయ్యడం ఆవిడ ఉద్యోగం. ఒకరు అంకెలు పిలుస్తుంటే, అట్ట మీది గడులు ముందుగా నింపుకున్నవాళ్ళు "బింగో" అనాలి, అదీ ఆట. కెనడాలోని ఈ మానిటోబా రాష్ట్రంలో ఆవిడ తొక్కని హాలు లేదు. ఆడిన ఆట మాత్రం ఒక్కటీ లేదు. తనిఖీ చేసేవాళ్ళు అట్ట ముట్టుకోకూడదు. మొగుడు బతికున్న రోజుల్లో, "కూర్చోవే, కుర్చీ కరవదు" అనేవాడు. ఆయన పోయాక ఇంట్లో అసలే నిలవలేకపోయింది.

చర్చి కింది హాల్లో అడుగు పెట్టగానే ఉల్లిపాయలు వేగుతున్న వాసనా, గుసగుసలూ ఎదురొచ్చాయి.

"వచ్చిందర్రా కాలుగాలిన పిల్లి," అంది టీ పోస్తున్న జోయన్.

"విన్నాను," అంది విల్మా.

"వినాలనే అన్నాను. టీ తాగుతారా, నిలబడే?"

వచ్చిన పని విల్మాకి ఏమాత్రం నచ్చలేదు. అంకెలు పిలిచే ఓరెస్ట్ బాబియాక్‌కి చూపు ఆనడం లేదని ఎవరో పైకి రాశారు. ఆయన ఒక్క అంకె తప్పు పిలిచినా ఈ హాలు లైసెన్సు ఆపేయాలి. కిడ్నీ జబ్బువాళ్ళని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను ఈ ఆట డబ్బు మీదే నడుస్తోంది. ముందు బల్ల దగ్గర కూర్చున్న స్టెఫ్కా వెళ్ళేదీ ఆ వ్యాన్లోనే. సూదులు గుచ్చిన చేతికి పట్టీ ఇంకా ఉంది.

ఓరెస్ట్ ఎనభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు. గొంతు మాత్రం కంచు. అంకె వేసిన ఒక్కో బంతినీ ముక్కు దాకా తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి పిలుస్తున్నాడు. విల్మా కూర్చుంది, లేచింది, గోడ వెంట నడిచింది, ఆయన వెనక్కి వచ్చి ఆగింది.

"యాభై ఎనిమిది," అన్నాడు ఓరెస్ట్.

బంతి మీద ఉన్నది యాభై ఆరు.

ముందు బల్లవాళ్ళకి ఆ బంతి బాగానే కనిపిస్తుంది. అయినా ఒక్కరూ తలెత్తలేదు. అందరూ బుద్ధిగా యాభై ఎనిమిది మీద రంగు అద్దారు. విల్మా రెండంగల్లో స్టెఫ్కా పక్కకి వెళ్ళింది. ఆమె అట్టలో నిండకుండా మిగిలిన గడి ఒక్కటే: యాభై ఆరు. ఆమె గెలిచింది. గెలిచి, రంగుసీసాకి మూత బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తను నోరు మూసుకుంటే ఈమెకి అన్యాయం, నోరు తెరిస్తే వ్యాను పోతుంది. ఓరెస్ట్ చెయ్యి తర్వాతి బంతి మీదికి వెళ్తోంది. అది బయటికి వచ్చేలోగా దిద్దుకుంటే తప్పు కింద రాయనక్కర్లేదు. దిద్దుకోవాల్సింది మాత్రం పిలిచేవాడే, ఆడేవాళ్ళు అందించకూడదు.

"ఓరెస్ట్ గారూ, ఆ అంకె ఇంకోసారి చదవండి."

ఆయన బంతిని కళ్ళకి ఆనించుకున్నాడు. దీపం కిందికి జరిపాడు.

"తప్పు చదివినట్టున్నానమ్మా," అన్నాడు చివరికి. "జోయన్, ఇటు రా తల్లీ. నాకు కనబడట్లేదు."

జోయన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "యాభై ఆరు," అని చదివింది.

"దిద్దుకున్నారు," అంది విల్మా, అందరికీ వినపడేలా. "లైసెన్సుకి ఏం భయం లేదు. కానివ్వండి."

"బింగో," అంది స్టెఫ్కా.

ఆ సందట్లో ఓరెస్ట్ కోటు తొడుక్కున్నాడు. "ఇకనుంచి నువ్వే పిలువు," అని జోయన్‌తో చెప్పి మెట్లెక్కాడు.

"రోజూ సరిగ్గానే చదువుతాడు," అంది జోయన్, విల్మా వైపు చూడకుండా. "మీరొస్తున్నారని మేమే దాచేయించాం. ఒప్పుకోరేమోనని." బల్ల మీది చేతిగుడ్డ ఎత్తి, దాని కింద ఉన్న ఓరెస్ట్ భూతద్దం చూపించింది.

నిబంధనలన్నీ విల్మాకి కంఠతా వచ్చు. దాన్ని వద్దన్న మాట ఒక్కదాన్లోనూ లేదు. పరుగున మెట్లెక్కి వాకిట్లోకి వెళ్ళింది.

"ఓరెస్ట్ గారూ, అది వాడుకోవచ్చండీ. ఎవరూ కాదనరు. లోపలికి రండి."

"ఇంకెందుకులేమ్మా," అన్నాడాయన, వెనక్కి తిరగకుండానే. "అందరూ చూశారుగా." కంచె పట్టుకుని తడుముకుంటూ, మెల్లగా వీధి మలుపు తిరిగిపోయాడు.

విల్మా కిందికొచ్చి ఆయన కుర్చీలో కూలబడింది. జోయన్ టీ తెచ్చి పెట్టాక కూడా లేవలేదు. ఎదురుగా ఆ భూతద్దం ఉంది. పిడికి నల్లదారం చుట్టి ఉంది. బొటనవేలు ఆనేచోట దారం అరిగి తెల్లబడింది.