ఎర్రగుంట టికెట్లు

నేను ఒక టికెట్ మిషన్ని తల్లీ. సిటీ బస్సు కండక్టర్ల మెడలో పదేళ్లు వేలాడినదాన్ని. ఏదో ఫ్యాక్టరీలో బిగించారట, అదంత గుర్తు లేదు. డిపోకొచ్చిన రోజు మాత్రం బాగా గుర్తు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నా ముందు కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చింది నాలోకి పోకుండా ఒకాయన రుమాలు అడ్డం పెట్టాడు. మంచివాడు.

మొదటి కండక్టరు నా మీటల్ని పేలు కుక్కినట్టు కుక్కేవాడు. రెండో ఆయన వానొస్తే నన్నే నెత్తిన పెట్టుకునేవాడు. మూడోది బాలమణి. ఆమె దగ్గరే నేను మనిషినయ్యాను.

బాలమణిది పొద్దున ఐదింటి ట్రిప్పు. ఎర్రగుంట స్టాపులో ఆకుకూరలమ్మే ఆడవాళ్లు మూటలతో కాచుకుని ఉండేవారు. ఆ స్టాపులో ఎక్కేది వాళ్లే, అదీ ఆ ట్రిప్పులోనే. అక్కడ ఆమె టికెట్లు కొట్టేది కాదు. నన్ను వీపు మీదికి తోసేసి, దిగి, మూటలెత్తించేది. బస్సు రైల్వే గేటు చేరాక, నాలో స్టేజీని, అంటే ఎక్కిన చోటు పేరును, గేటుకు మార్చి, అప్పుడు తీరిగ్గా టికెట్లు కొట్టేది. ఎర్రగుంట నుంచైనా గేటు నుంచైనా ఛార్జీ ఒకటే కనుక ఎవరికీ నష్టం లేదు. నా కాగితం మీద మాత్రం అందరూ గేటు దగ్గరే ఎక్కినట్టు పడేది. నొక్కిందే కదా నేను చెప్పేది!

ఒక వేసవిలో హెడ్డాఫీసుకు హిమజ అనే ఇంజినీరింగు పిల్ల ఇంటర్న్‌షిప్పుకు వచ్చింది. ఏసీ గదిలో కూర్చుని, మా మిషన్లు చెప్పిందంతా కంప్యూటర్లో పరిచింది. ఎర్రగుంటలో ఎక్కినవాళ్లు సున్నా. ఆ స్టాపు తీసేస్తే నాలుగు నిమిషాలు కలిసొస్తాయని రిపోర్టు రాసింది. పెద్దసారు మెచ్చుకున్నారు. సోమవారం మీటింగులో అందరి ముందూ చదవాలి.

శుక్రవారం, రిపోర్టు అట్ట మీదికి బస్సు ఫోటో కోసం హిమజ డిపోకు వచ్చింది. సంగతి విని బాలమణి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఎర్రగుంట తీసేస్తరా? ఆ ముసలోళ్లు మూటలు నెత్తిన వెట్టుకొని గేటు దాంక నడవాల్నా? మీకైతే రెండో అంతస్తుకే లిఫ్టు గావాలె!"

"అక్కడ ఒక్కరూ ఎక్కట్లేదక్కా. మిషన్ చెప్పింది."

"మిషన్ నా మెడల ఉంటది బిడ్డా. నన్నడిగినవా? బస్సెక్కకుండనే బస్సు గురించి రాసినవ్. రేపు పొద్దుగాల నాతోని రా."

వచ్చింది పాపం, నిద్రకళ్లతో. ఎర్రగుంటలో తలుపు తెరవగానే కనకవ్వ అనే పెద్దామె తోటకూర మూట తెచ్చి ఆ పిల్ల ఒళ్లో పడేసింది.

"జర పట్టుకో బిడ్డా, ఊకెనే కూసున్నవ్ గదా!"

గేటు వచ్చింది. నేను టికెట్లు కక్కడం మొదలుపెట్టాను. తడి మూట ఒళ్లో పెట్టుకుని హిమజ ఒక్కొక్కటీ తొంగి చూసింది. అన్నిటి మీదా గేటు పేరే. ఎర్రగుంటలో ఎక్కినవాళ్లను ఆ పిల్ల వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.

సోమవారం బాలమణిని అడిగి నన్ను తీసుకెళ్లింది. మీటింగు హాల్లో, బిస్కెట్ల ప్లేటు పక్కన, నన్ను నిలబెట్టింది.

"నా రిపోర్టు తప్పు సార్."

"మొన్నటిదాకా ఒప్పేగా అమ్మా? నీకు సర్టిఫికెట్ ఇవ్వాలా, వద్దా?" అన్నారు పెద్దసారు. ఎవరో కిసుక్కుమన్నారు.

పిల్ల నా మీద చెయ్యి వేసింది. "ఇవ్వకపోయినా సరే సార్. ఎర్రగుంటలో ముప్పై ఒక్కమంది ఎక్కడం నేను చూశాను. ఒకరి మూట మోశాను కూడా."

మనుషులు నన్ను నమ్మినంతగా సాటి మనిషిని నమ్మరు. ఆ రోజు మాత్రం పెద్దసారు నన్ను పక్కకు జరిపి, ఆ పిల్లనే చూశారు.

"స్టాపు ఉండనివ్వండి. ఇకమీదట ఇంటర్న్‌లు వారం రోజులు బస్సుల్లో తిరిగాకే కంప్యూటర్ ముట్టుకోవాలి. ముందు ఈ అమ్మాయే తిరగాలి!"

మర్నాడు ఎర్రగుంటలో మూటలెత్తింది హిమజ. డ్రైవరు హారన్ కొట్టాడు. "ఇంకెంతసేపు మణక్కా?"

"ఆగవయ్యా, ఈడనే టికెట్లు కొట్టనీ!" అంది బాలమణి.

ఇప్పుడు స్టోరు గదిలో ఉన్నాను. బ్యాటరీ ఉబ్బింది, మీటల మీద అంకెలు చెరిగాయి. అయితేనేం తల్లీ! అప్పటిదాకా ఏ మిషనూ పలకని ఎర్రగుంట పేరును ఆ పొద్దున ముప్పై ఒక్కసార్లు, ఒక్క అక్షరం మసకబారకుండా పలికింది నేనే.