పేరు పలకని మలుపు

లోయలోకి తీసుకెళ్ళాల్సిన సందర్శకుల్లో తల్లిని చూసి గైడు లెటూర కంగారుపడ్డాడు. ఆవిరి బుగ్గలు చూద్దామని నైరోబీ నుంచి వచ్చినవాళ్ళ మధ్య, ఎర్ర దుప్పటి కప్పుకుని, చేతిలో టికెట్టుతో నిలబడి ఉందావిడ.

"నువ్వెందుకొచ్చావమ్మా?" అన్నాడు దగ్గరికెళ్ళి.

"రేపటి నుంచి ఈ దారి మూసేస్తారటగా. నేను మేకలు తోలిన చోటు నేను చూడకూడదా? పో, నీ పని చూసుకో."

లెటూర భయం వేరు. ఈ దారిలో మూడో మలుపు దగ్గరే అతని అన్న వరదలో పోయాడు. అన్నా గైడే. సందర్శకులందర్నీ గట్టెక్కించి తాను కొట్టుకుపోయాడు. అప్పటినుంచి గైడులంతా ఆ మలుపును అతని పేరుతోనే చూపిస్తున్నారు. ఆ పేరేమిటని అడక్కండి. లెటూరవాళ్ళు మాసాయి తెగవాళ్ళు, పోయినవాళ్ళ పేరు పలకరు. అన్న పోయిన రోజే ఇంట్లో ఆ పేరు ఆగిపోయింది. దాంతోపాటు తల్లి పిలుపూ పోయింది. అంతవరకూ పెద్దకొడుకు పేరు చెప్పి ఫలానావాడి అమ్మా అని పిలిచిన ఊరు, మర్నాటి నుంచి "లెటూర అమ్మా" అంది. లెటూర మాత్రం పొట్టకూటి కోసం ఆ పేరు రోజూ పరాయివాళ్ళ ముందు పలుకుతున్నాడు. పలికిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతాడు.

దారిపొడుగునా రాళ్ళ సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. గిటోంగా అనే లావుపాటి కాంట్రాక్టరు నుదురు తుడుచుకుంటూ, "నాలుగు గుడ్లు తెచ్చుకుంటే ఇక్కడే ఉడికేవి" అన్నాడు.

"నువ్వు కాసేపు కూర్చో, నువ్వే ఉడుకుతావు" అంది తల్లి. అందరూ నవ్వారు. ఆవిడ ఇంత హుషారుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

మూడో మలుపు వచ్చింది. తల్లి అందర్నీ తప్పించుకుని ముందుకొచ్చి నిలబడింది. లెటూర ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"ఇక్కడ... ఒక గైడు వరదలో పోయాడు."

"పేరేంటి పాపం?" అన్నాడు గిటోంగా.

"గుర్తులేదు" అని గబగబా ముందుకు నడిచాడు లెటూర. తల్లి పరువు కాపాడాననే అనుకున్నాడు. వెనక్కి తిరిగితే ఆవిడ ఇంకా అక్కడే ఉంది, వేడిరాయి మీద అరచెయ్యి ఆనించి.

పైకెక్కి గేటు దాటాక ఆవిడ అతన్ని పక్కకి పిలిచింది.

"గేటు దగ్గర పూసలు అమ్ముతుందే నాసియెకు, వాడి పేరు నువ్వు రోజూ పలుకుతావని అది చెప్పింది నాతో."

"అమ్మా, తప్పే..."

"తప్పని తెలిసే వచ్చానురా. ఇంట్లో పలికితే పాపం. అక్కడైతే అది నీ ఉద్యోగం. పరాయిదానిలా ఓ మూల నిలబడి ఒక్కసారి వినిపోదామనుకున్నాను. గుర్తులేదన్నావు."

లెటూర ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పద, వెనక్కి వెళ్దాం. చెప్తాను."

కాపలావాడు అప్పటికే గొలుసు బిగించి తాళం వేస్తున్నాడు. అయితే ఇక్కడే చెప్తానని లెటూర నోరు తెరిచాడు. తల్లి చటుక్కున అతని నోటిమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది.

"వద్దురా. ఇక్కడ అందరూ మనవాళ్ళే."

ఊరికెళ్ళే వ్యాను కిక్కిరిసి ఉంది. పూసల మూట ఒళ్ళో పెట్టుకున్న నాసియెకు పలకరించింది.

"లెటూర అమ్మా, కాస్త జరుగు."

ఆవిడ జరిగి కూర్చుంది.