మీ ప్లేటు మీరే తీయండి

మా హోటల్లో కుర్చీలు చాలా బాగుంటాయని వచ్చినవాళ్లంతా అంటారు. నాకు తెలియదు. హోటలు తెరిచినప్పటి నుంచి ఆ కుర్చీల మధ్య తిరగడమే తప్ప ఒక్కదానిలోనైనా కూర్చున్నది లేదు. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం బస్సెక్కేదాకా నిలబడే ఉంటాను. ఇంటికి పోయేసరికి కాళ్లు నావి కావు. అందుకే ఈ బుధవారం రజా పెట్టి, అందరిలాగా తినడానికి వస్తానని మా ఓనరు ఆనంద్‌తో చెప్పాను. "రా ఎస్తేరమ్మా, కిటికీ పక్క టేబులు నీకే" అని నవ్వాడు.

పెనుకొండ దాటాక హైవే పక్కనే మా హోటలు. హోటలంటే ఆనంద్‌కు కోపం, డెలీ అనాలంటాడు. హిందూపురం పిల్లవాడు. బెంగళూరులో యూదుల తిండి పెట్టే ఒక డెలీలో పని నేర్చుకొని వచ్చి ఇక్కడ పెట్టాడు. కార్ల ఫ్యాక్టరీకి వచ్చే పరదేశీలు, హైవే మీద పోయేవాళ్లు పొద్దున టిఫినుకూ మధ్యాహ్నం భోజనానికీ ఆగుతారు. డెలీ అన్నా హోటలన్నా నడుమునొప్పి ఒకటే.

ఒక్కదాన్నే పోయి ఉంటే సుఖంగా తిని వచ్చేదాన్ని. కానీ నాయనను కూడా తీసుకుపోవాలని పట్టుబట్టాను. మా నాయన సంజీవప్ప హోటల్లో తినడు. వయసులో ఉన్నప్పుడు మా ఊళ్లో ఓబుళప్ప టీ హోటలు ఉండేది. ఊరి బయట మా పేటవాళ్లకు అక్కడ గ్లాసులు వేరు, చూరులో గుచ్చి ఉండేవి. తాగి, కడిగి, మళ్లీ చూరులోనే గుచ్చి రావాలి. ఒక పొద్దు నాయన గ్లాసు కడగకుండా బెంచీ మీద పెట్టి వచ్చేశాడు. ఓబుళప్ప వెనక్కి పిలిచి, నలుగురూ చూస్తుండగా కడిగించాడు. నా ఎంగిలి నేనే కడగాల్సిన చోట ఇంక తినను అని నాయన ఆనాడే అనుకున్నాడు. కదిరి తిరనాళ్లకు పోయినా, హిందూపురం ఆసుపత్రికి పోయినా, సంగటి ముద్ద డబ్బాలో పెట్టుకొనే పోతాడు.

ఆ గ్లాసులు పోయాయి, ఓబుళప్ప పోయాడు, ఆ చూరూ పోయింది. నాయన పంతం మాత్రం పోలేదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆయన హోటల్లో కుర్చీలో కూర్చుని, కడుపునిండా తిని, వెనక్కి చూడకుండా లేచి రావాలి. నా కోరిక అంతే. పళ్లు ఊడిపోతున్నాయి, ఇంకెప్పుడు తింటాడు?

ఎంత బతిమాలినా కదలనివాడు, యూదుల తిండి అనేసరికి చెవి అటు పెట్టాడు.

"మన పాస్టరయ్య చెప్పే యూదులేనా?"

"వాళ్లే నాయనా."

"ప్రభువు గూడా ఇదే తిన్నాడా?"

"తిన్నాడు" అన్నాను. నిజమో అబద్ధమో నాకేం తెలుసు? వస్తే చాలు నాకు.

వచ్చాడు. చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ చివర్న, ఎవరైనా లేపుతారేమో అన్నట్టు కూర్చున్నాడు. నేను మాత్రం వెనక్కి వాలి కాళ్లు చాపాను. నిజమే, కుర్చీలు బాగున్నాయి. అట్లాగే నిద్రపోదామనిపించింది.

మొదట సూపు వచ్చింది. అందులో పిండి ఉండలు తేలుతున్నాయి. "చారులో సంగటి ముద్ద ఏసినట్టుండాది" అని నాయన గిన్నె ఖాళీ చేశాడు. మధ్యలో తూటున్న రొట్టె చూసి వడ అనుకున్నాడు, కొరికాక కాదన్నాడు. మిరియాలు పట్టించి, పొగబెట్టి వండిన పొట్టేలు మాంసం పల్చగా కోసి రొట్టెల మధ్య ఇంత ఎత్తున పెట్టి ఇస్తే, మారు మాట్లాడకుండా తిన్నాడు. దోసకాయ ఊరగాయలో కారం లేదని మాత్రం ఆనంద్‌ను పిలిచి మరీ చెప్పాడు. చివరికి మజ్జిగ అడిగాడు.

"మాంసం తిన్నప్పుడు పాలూ పెరుగూ పెట్టరు తాతా ఈడ. యూదుల పద్ధతి" అన్నాడు ఆనంద్.

"పద్ధతంటే పద్ధతే" అని నాయన తల ఊపాడు. ఇప్పుడు వెనక్కి వాలి కూర్చున్నాడు. నా ఆయాసమంతా ఆ ఒక్క నిమిషం ఎక్కడికో పోయింది.

అప్పుడు చదివాడు గోడ మీద బోర్డు. రాత్రిబడిలో నేర్చుకున్న చదువు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "మీ... ప్లేటు... మీరే తీసి... టబ్బులో పెట్టండి."

రోజూ చూసే బోర్డు. చూసి చూసి నా కంటికి ఆనడమే మానేసింది. ఇంత ఆలోచించి తెచ్చినదాన్ని, దాని సంగతే మరిచిపోయాను. నన్ను నేను తిట్టుకున్నాను.

"ఇది మనకా, అందరికీనా?" అన్నాడు నాయన.

"అందరికీ నాయనా. పరదేశీలు గూడా తీస్తారు."

"అయితే చూస్తాం."

చూడడానికి పక్క టేబులే దొరికింది. అక్కడ కూర్చున్నది మా ఊరి వేణు, ఓబుళప్ప మనవడు. భూముల బేరాలు చేస్తాడు, బెంగళూరు పార్టీలను తీసుకొని తరచూ వస్తాడు. మమ్మల్ని చూసి "ఏమప్పా సంజీవప్పా, నువ్వు గూడా వచ్చినావే!" అన్నాడు. మంచిగానే అన్నాడు. నాయన వేణు తినడం చూస్తూ కూర్చున్నాడు.

వేణు తింటూనే ఉన్నాడు, ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు. మేము ఎక్కాల్సిన చిలమత్తూరు బస్సు కిటికీలోంచి కనబడి వెళ్లిపోయింది. "నాయనా, రెండూ నేనే తీస్తా, పోదాం రా" అన్నాను. "నువ్వు కూచో" అన్నాడు. నా పంతం ఆయన నుంచే వచ్చిందని ఊరికే అనరు.

చివరికి వేణు లేచాడు. ఫోను చెవికి పెట్టుకునే చేయి తుడుచుకున్నాడు, ఫోనులో నవ్వుకుంటూనే బయటికి నడిచాడు. కారు కదిలింది. ప్లేటు టేబులు మీదే ఉంది.

"చూసినావా?" అన్నాడు నాయన.

"ఫోన్లో పడి మరిచిపోయినాడు."

"నేనూ మరిచిపోతాండా" అని లేచాడు. మెడ ఎత్తి, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పటిలా నిలబడ్డాడు. ఇదే కదా నేను కోరుకున్నది! వెనక్కి చూడకుండా వచ్చేస్తే చాలు. నేనూ లేచాను.

అంతలో ఎవరో నలుగురు లోపలికి వచ్చి, వేణు లేచిన టేబులు దగ్గర నిలబడ్డారు. నా చేతులకు రజా అని ఎవరు చెప్పాలి? ఎడమ చేత్తో ప్లేటు ఎత్తాను. మిగిలిన ముక్కలు ఊడ్చి దానిలో వేసుకున్నాను, గ్లాసు దాని మీద పెట్టుకున్నాను, భుజం మీద లేని గుడ్డ కోసం తడుముకున్నాను. తిరిగి చూసేసరికి నాయన నన్నే చూస్తున్నాడు.

"ఎస్తేరమ్మా, ఈపొద్దు రజా గదా!" అని ఆనంద్ కౌంటరు నుంచి అరిచాడు.

నాయన దగ్గరికి వచ్చాడు. హోటల్లో పని అంటే వంట అనుకున్నాడేమో, ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"మరిచిపోయినోళ్లవంతా నువ్వేనా ఎత్తేది?"

"ఊ."

"సానామంది మరిచిపోతారా?"

"సగం మంది పైనే నాయనా."

"ఆ టబ్బులోవి ఎవరు కడుగుతారు?"

అడుగుతూనే నా వేళ్లు చూశాడు. నీళ్లలో నాని, సబ్బుకు పగిలి, తెల్లగా పాలిపోయిన వేళ్లు. రోజూ ఇంట్లో కూడు పెట్టే వేళ్లే, ఈ పొద్దే చూసినట్టు చూశాడు.

నా చేతిలోంచి వేణు ప్లేటు తీసుకున్నాడు. మా టేబులు దగ్గరికి పోయి తన ప్లేటు, నా ప్లేటు దాని మీద పెట్టుకున్నాడు. టబ్బు దగ్గర ఆగలేదు. దాన్ని దాటి కొళాయి దగ్గరికి పోయి నీళ్లు తిప్పాడు.

"వద్దు నాయనా, నీకు దండం పెడతా, వద్దు" అన్నాను. ఆయన చేత ఎంగిలి కడిగించకూడదనే కదా ఇంత చేసింది! నాకు ఏడుపొచ్చింది.

"ఓబుళప్ప చెప్పినాడని కడగడం లేదులే" అన్నాడు తిరిగి చూడకుండా. చర్చి చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు. వేణు ప్లేటు ముందు కడిగాడు. "నీకి రజా అంట గదా. పోయి కూచో."

పోయి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. కొళాయి కింద ప్లేట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మూడు ప్లేట్లకు అంతసేపు పట్టదు. టబ్బులో ఉన్నవి కూడా కడుగుతున్నాడు.